రోబో మీద దుప్పటి కప్పే ముందు

2023లో మా కాలేజీ రోబోని ఢిల్లీలో జాతీయ పోటీకి తీసుకెళ్తూ చెన్నై సెంట్రల్‌లో రైలెక్కాం. మిగతా భాగాలన్నీ విప్పి పెట్టెల్లో సర్దేశాం కానీ లాంచర్, అంటే విసిరే భాగం, విప్పడానికి వీల్లేకపోయింది. ఎవరైనా ఫొటో తీస్తారేమోనని దానికి రెండు దుప్పట్లు చుట్టి, తాడు కట్టి, కింది బెర్తు మీద పడుకోబెట్టాం. గూడూరులో ఎక్కిన పెద్దాయన కాసేపు చూసి, మెల్లగా అడిగాడు: "ఎవరికి బాగాలేదు అబ్బయా?"

మా జాతీయ పోటీలో గెలిచినవాళ్లు వెళ్లేది ఏబీయూ రోబోకాన్‌కి, అంటే ఆసియా-పసిఫిక్ దేశాల కాలేజీ రోబోల పోటీకి. ఆ ఏడాది దాని ఆతిథ్యం కంబోడియాది. అక్కడి అంగ్‌కోర్ వాట్ గుడి మీద పూలు చల్లడం అంశం. ఒక ఏనుగు రోబో, ఒక కుందేలు రోబో కలిసి రింగులు విసిరి స్తంభాలకు వేయాలి. రింగుని రెండు రబ్బరు చక్రాల మధ్య నొక్కి విసరడం మా బ్రహ్మరహస్యం. ల్యాబ్ కిటికీలకు పాత పేపర్లు అంటించాం. పక్క డిపార్ట్‌మెంట్ సీనియర్ చూస్తానంటే కూడా రానివ్వలేదు. తీరా అక్కడికెళ్లి పెట్టెలు తెరిస్తే ఎడమ పిట్‌లో (పోటీలో ఒక్కో టీముకి ఇచ్చే పనిచోటు) అదే లాంచర్. కుడి పిట్‌లోనూ అదే, మాకంటే శుభ్రంగా చేసింది.

పైగా మేం ఓడింది విసరడంలో కాదు. దొంతరలోంచి రింగు తీస్తుంటే ఒకదానికి రెండు అతుక్కుని వచ్చేవి. ఎడమ పిట్ కుర్రాడు నిమిషం సేపు చూసి, "ఫిబ్రవరిలో మాకూ ఇదే గోల బ్రో, ఆ ప్లేటు అంచుకి ఎమరీ పేపర్ ముక్క అంటించండి" అన్నాడు. పది రూపాయల ఎమరీ పేపర్. అతికించాక ఒక్కటీ అతుక్కోలేదు. అప్పటికి మా మ్యాచ్‌లు అయిపోయాయి.

ఇప్పుడు శని, ఆదివారాలు వేళచ్చేరిలో ఒక స్కూలు టీముకి సాయం చేస్తుంటాను. నలుగురు తెలుగు పిల్లలు, ముగ్గురు తమిళ పిల్లలు. "అన్నా, ఇది బయటికి చెప్పొచ్చా?" అని వారానికోసారైనా అడుగుతారు. ఏది దాచాలో, ఏది చెప్పాలో తేల్చుకోవడానికి వాళ్లతో చేయించే పద్ధతే కింద రాస్తున్నాను. మీ టీముకి మీరు మార్చుకోండి.

ముందు రూల్‌బుక్ తీయండి

దాచాలా చెప్పాలా అన్నది ముందు మీరు ఆడే పోటీని బట్టి ఉంటుంది, మీ మనసుని బట్టి కాదు. రూల్‌బుక్‌లో రెండు విషయాలు వెతకండి: మీరు ఎవరితో కలిసి ఆడతారు, మీరు ఏది బయటపెట్టి తీరాలి.

అమెరికా ఆవిష్కర్త డీన్ కామెన్ 1989లో మొదలుపెట్టిన ఫస్ట్ సంస్థ స్కూలు పిల్లలకి నడిపే ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్), ఎఫ్‌ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్) పోటీల్లో ఒంటరి ఆట లేదు. మొదటి దశ మ్యాచ్‌లలో పొద్దున ప్రత్యర్థిగా ఉన్నవాడు మధ్యాహ్నం మీ జట్టులో ఉంటాడు. ఆ తర్వాత పై ర్యాంకుల్లో ఉన్న టీములు తమకు కావలసిన తోడుని పిలుచుకుంటాయి. అందుకే ప్రతి టీమూ ఇద్దరు పిల్లల్ని నోటుపుస్తకాలిచ్చి మిగతా పిట్‌లన్నీ తిప్పుతుంది. మీ రోబో ఏం చేయగలదో వాళ్లకి తెలియకపోతే మిమ్మల్ని ఎవరు పిలుస్తారు? అక్కడ దాచిపెట్టడమంటే పెళ్లిచూపులకి రమ్మని కబురుపెట్టి పెళ్లికొడుకుని లోపలి గదిలో దాచినట్టే.

ఎఫ్‌ఆర్‌సీలో ఇంకో మంచి మెలిక ఉంది. అక్కడ ఏటా కొత్త ఆట ప్రకటిస్తారు. అంతకుముందే రాసుకున్న కోడూ, గీసుకున్న డిజైనూ ఈ ఏడాది రోబోలో వాడాలంటే, ఆ ప్రకటనకి ముందే దాన్ని అందరికీ అందుబాటులో పెట్టి ఉండాలి. దాచుకున్నవాడు మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. 118వ నంబరు టీము, టెక్సాస్ వాళ్లు, ఇంకో అడుగు ముందుకేశారు. ఏటా కొత్త ఆట రాగానే మామూలు పనిముట్లతో చేయగలిగే ఒక రోబో తయారుచేసి, దాని డ్రాయింగులన్నీ ఎవ్రీబాట్ అనే పేరుతో పంచిపెడతారు. దాన్నే చేసుకుని అదే పోటీల్లో ఎదురు నిలబడే టీములుంటాయి.

ఇక్కడే ఒక చమత్కారం చెప్పాలి. పోటీపడుతూనే సహకరించుకోవడాన్ని ఫస్ట్ వాళ్లు కోఆపర్టిషన్ అంటారు. ఆ ఆట పద్ధతికి కామెన్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. పంచుకోవడం నేర్పే పద్ధతికే తాళం వేశాడన్నమాట. మా పిల్లలకి ఈ సంగతి చెప్తే ఒకడు పావుగంట నవ్వాడు.

వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లో ఫ్యూచర్ ఇంజనీర్స్ విభాగానికి, అంటే తనంతట తాను నడిచే కారు చేసేదానికి వెళ్తుంటే, మీ చర్చ ఇక్కడితో ముగిసింది. మీ కోడూ, వివరాలూ గిట్‌హబ్‌లో, అంటే కోడు పెట్టుకునే వెబ్‌సైటులో, అందరూ చూడగలిగేలా పెట్టడం అక్కడ నియమం.

రోబోకాన్ వేరు. ఎర్ర జట్టు, నీలి జట్టు, మధ్యలో తోడుదొంగ ఎవడూ లేడు. 2022లో ఆతిథ్యం మన న్యూఢిల్లీదే. అంశం లగోరి, అంటే మన ఏడుపెంకులాట. అలాంటి ఆటలో ఎదుటివాడు ఏ కోణం నుంచి బంతి విసురుతాడో ముందే తెలిస్తే మీకు లాభమే, మీది వాడికి తెలిస్తే నష్టమే. ఇక్కడ కొంత గుట్టు న్యాయం. రోబోలు ఒకదాన్నొకటి కొట్టుకునే రోబోవార్స్ అయితే ఇంకాస్త ఎక్కువ. ఎదుటివాడి ఆయుధాన్ని బట్టి ముందు భాగంలో ప్లేట్లు మార్చుకునే ఆట అది. మీ ఆయుధాన్ని తిప్పే బెల్టు ఏ వైపుందో పొద్దున్నే చెప్పేస్తే సాయంత్రానికి అది తెగి ఉంటుంది.

ఒక కాగితం మీద రాయండి, మూడు ప్రశ్నలు వేయండి

పిల్లలందరినీ కింద కూర్చోబెట్టి, "మన రహస్యాలన్నీ రాయండి" అంటాను. నోటితో చెప్పించను, రాయిస్తాను. నోటితో అయితే అన్నీ రహస్యాలే. రాయడం మొదలుపెడితే ఐదో ఆరో మిగులుతాయి.

ఒక్కోదానికి మూడు ప్రశ్నలు. ఇది విన్న టీము ఎన్ని రోజుల్లో చేసుకోగలదు, పోటీకి ఎన్ని రోజులుంది? మొదటి మ్యాచ్ చూస్తే ఎలాగూ తెలిసిపోతుందా? ఇది చెబితే మనకి తిరిగొచ్చేది ఏమైనా ఉందా?

మొన్న మా వాళ్లు రాసిన కాగితం నా దగ్గరే ఉంది. మొదటి వరస: "మెకానమ్ చక్రాలు," అంటే రోబోని పక్కలకి కూడా నడిపేవి. పక్కనే ఎవరో కొట్టేసి "అందరికీ ఉన్నాయి" అని రాశారు. సరే.

రెండోది: "గ్రిప్పర్ వేళ్లకి సైకిల్ ట్యూబు చుట్టాం." దీని మీద అరగంట గొడవ. చేసుకోవడానికి ఒక సాయంత్రం చాలు, కాబట్టి దాచాలని ఒక పక్షం. చూడగానే నల్లగా కనపడుతోంది, ఏం దాస్తావని ఇంకో పక్షం. చివరికి మూడో ప్రశ్న తేల్చింది. మూడు మ్యాచ్‌లకే ట్యూబు జారిపోతోంది, ఏ జిగురూ పట్టట్లేదు. ఇంకెవరైనా ట్యూబు వాడుంటే వాళ్లకి మందు తెలిసుండొచ్చు. చెప్పాలనే తీర్మానం. వారం తిరక్కుండా తాంబరం వైపు ఒక టీము పిల్ల చెప్పింది: "జిగురు వద్దు, ట్యూబుని వేలికంటే సన్నది తీసుకుని సాగదీసి ఎక్కించండి, రెండు చివరలా జిప్ టై వేయండి."

మూడోది: "ఆటో మోడ్‌లో ఎడమ గోడ వెంబడి వెళ్తాం." ఆటో మోడ్ అంటే రోబో తనంతట తాను నడిచే సమయం. ఇది దాచాలి. ఒక్క పూటలో ఎదుటివాడు దారికి అడ్డం నిలబడగలడు, మనకి తిరిగొచ్చేది ఏమీ లేదు. కానీ మన జట్టులో ఆడే టీముకి మ్యాచ్‌కి ముందు చెప్పి తీరాలి, లేదంటే మనవాడే వచ్చి గుద్దుతాడు.

నాలుగోది ఎవరూ రాయలేదు, నేనే రాయించాను: "నాలుగో మ్యాచ్‌కి లిఫ్ట్ మోటారు వేడెక్కి ఆగిపోతుంది." నిజమైన గుట్టు ఇదే. మన బలం అరీనాలో అందరికీ కనిపిస్తుంది, బలహీనత మనకి ఒక్కరికే తెలుసు. అదే సమయంలో సాయం అవసరమయ్యేదీ దీనికే. కాబట్టి దీన్ని అందరికీ కాదు, ఒక్కరికి చెప్పండి. మీతో ఈ ఏడాది తలపడని సీనియర్‌కో, వేరే పోటీ ఆడే కాలేజీవాళ్లకో. మా పిల్లల్ని ఒక ఇంజనీరింగ్ కాలేజీ అన్నయ్య దగ్గరికి పంపాను. గేర్ నిష్పత్తి తప్పని ఐదు నిమిషాల్లో తేల్చాడు.

ఆ కాగితం మీద ప్రతి వరసకీ ఎదురుగా "ఎప్పటిదాకా" అని ఒక తేదీ వేయించండి. తేదీ లేని రహస్యం ఎవరికీ గుర్తుండదు, చివరికి జూనియర్లకి కూడా చెప్పరు.

దాచాలనుకున్నది నిజంగా దాగిందా చూడండి

కిటికీకి పేపర్లు అంటించే టీములు ఇక్కడే దొరికిపోతాయి. మీ డ్రాయింగులు ఆన్‌షేప్ అనే ఆన్‌లైన్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉచిత ఖాతాతో గీస్తున్నారా? ఉచిత ఖాతాలో చేసిన ప్రతి డాక్యుమెంటూ బహిరంగమే, ఎవరైనా వెతికి తెరవొచ్చు. విద్యార్థుల ఖాతా వేరే ఉంది, అందులో గుట్టుగా ఉంచుకోవచ్చు. గిట్‌హబ్‌లో ఉచిత ఖాతాకి కూడా 2019 నుంచి ప్రైవేటు రిపోజిటరీలు (కోడు ఫోల్డర్లు) ఎన్నైనా ఇస్తున్నారు, కానీ మీవాడు మొదట్లో పబ్లిక్‌గా తెరిచి అలాగే వదిలేశాడేమో చూడండి.

తర్వాత వాట్సాప్ స్టేటస్. మీది కాదు, అమ్మలది. "మా బుజ్జిగాడి రోబో" అని నలభై సెకన్ల వీడియో, వెనకాల తెల్లబోర్డు మీద ఆటో మోడ్ దారి మొత్తం బాణాలతో సహా. అదే అపార్ట్‌మెంట్‌లో ఎదుటి టీము పిల్లాడి అమ్మ కూడా ఉంటుంది. ఇంట్లోవాళ్లని కసరకండి. బోర్డు తుడిచి, ఫలానా వైపు నుంచి తీయండమ్మా అని చెప్పండి, సంతోషంగా తీస్తారు.

అన్నిటికంటే పెద్ద చిల్లు రిచ్చీ స్ట్రీట్. చెన్నైలో మోటారు కావాలన్నా, డ్రైవర్ బోర్డు కావాలన్నా, చివరికి ఒక లిమిట్ స్విచ్ కావాలన్నా అందరం మౌంట్ రోడ్డు పక్క ఆ ఇరుకు సందుల్లోకే వెళ్తాం. మేం మొదటిసారి మోటార్లు కొనడానికి వెళ్లినప్పుడు, మేం నెల్లూరు వాళ్లమని తెలిసి కొట్టాయన ఆప్యాయంగా తెలుగులోకి దిగాడు. "ఇవే ఎనిమిది నిన్న ఇంకో కాలేజీ వాళ్లు తీసుకెళ్లారు బాబూ. వాళ్లయితే దీంతో పాటు ఈ ఎన్‌కోడర్ కూడా తీసుకున్నారు, మీకొద్దా?" ఎన్‌కోడర్ (మోటారు ఎంత తిరిగిందో కొలిచేది) కొనుక్కుని బయటికొచ్చాక కానీ మాకు వెలగలేదు, రేపు మా జాబితా కూడా ఇంకొకరికి ఇలాగే వినిపిస్తాడని. ఆయన తప్పేమీ లేదు, అది ఆయన వ్యాపారం. నిజంగా దాచాల్సిన వస్తువుంటే వేరే కొట్లో, వేరే రోజు కొనండి. దేనికోసమో చెప్పకండి. లేదా హాయిగా ఆయన్నే అడగండి, ఈ ఏడాది అందరూ ఏం కొంటున్నారని. నేనైతే అదే చేస్తాను.

పిట్‌లో ఎవరైనా అడిగితే ఏమనాలో ముందే అనుకోండి

అబద్ధం ఆడకండి. "స్ప్రింగేం లేదు బ్రో" అని చెప్పి రెండు గంటల తర్వాత స్ప్రింగు ఠంగుమని ఎగిరి అరీనాలో పడితే, ఆ మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఫస్ట్ పోటీల్లో ప్రచారంలో ఉన్న గ్రేషస్ ప్రొఫెషనలిజం అనే మాటని వుడీ ఫ్లవర్స్ అనే, అమెరికాలోని ఎంఐటీ ప్రొఫెసర్ వాడుకలోకి తెచ్చాడు. గట్టిగా పోటీపడు, మనిషిని మాత్రం గౌరవించు అని దాని సారం. మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ఆట అయ్యాక కలిసి టీ తాగగలగాలి.

మా పిల్లలకి ఒకే వాక్యం నేర్పాను: "అది మ్యాచ్ అయ్యాక చెప్తాం, మిగతాది ఏదైనా అడగండి." ఇది చెప్పడానికి పెద్దవాళ్లకే మొహమాటం. పిల్లలు తేలిగ్గా చెప్పేస్తారు. అడిగినవాళ్లు కూడా ఏమీ అనుకోరు, వాళ్లకీ అలాంటిదొకటి ఉంటుంది కదా.

అడగడానికీ ఒక తీరుంది. "మీ కోడ్ ఇవ్వండి" అంటే ఎవరూ ఇవ్వరు. "మాకు ఇలా అయింది, ఇది చేసి చూశాం, కుదర్లేదు, మీకూ ఇలా అయిందా?" అని అడిగితే ఎవరూ ఆపుకోలేరు. కష్టం చెప్పుకోవడంలో మనవాళ్లు ఉదారులు. ముందు మీ వైఫల్యం ఒకటి బల్ల మీద పెట్టండి.

ఇంకొకరి ఆలోచన వాడితే

ఎక్కడి నుంచి తెచ్చారో నోటుబుక్‌లో రాయండి, తేదీతో. చాలామంది ఇది ఒప్పుకుంటే మార్కులు పోతాయని భయపడతారు. జడ్జిలు అడిగేది "ఇది మీదేనా" అని కాదు, "ఇది ఎందుకు ఎంచుకున్నారు, ఏం మార్చారు" అని. ఎఫ్‌టీసీలో జడ్జిలకి ఇచ్చే పోర్ట్‌ఫోలియో, అంటే రోబో ఎలా చేశారో చెప్పే పుస్తకం, కవరు కాకుండా పదిహేను పేజీలే. అందులో అర పేజీ "ఫలానా టీము లిఫ్ట్ చూశాం, మా బరువుకి ఆగలేదు, రెండో దారం కలిపాం" అని రాస్తే, మీరు ఆలోచించారని అది ఒక్కటే చాటిచెప్తుంది. రంధ్రాలు లెక్కపెట్టుకుని అచ్చుగుద్దినట్టు దింపేసిన రోబో దగ్గర నిలబడ్డ పిల్లాణ్ని "ఇక్కడ ఈ బేరింగ్ ఎందుకు?" అని అడిగితే బిత్తరచూపులు చూస్తాడు. నేను జడ్జి కుర్చీ పక్కన నిలబడి అది చూశాను, జాలేసింది.

కోడ్ విషయంలో లైసెన్సు ఫైలు చదవండి. ఎంఐటీ లైసెన్సు ఉంటే వాళ్ల కాపీరైటు వాక్యం, లైసెన్సు పాఠం ఉంచి వాడుకోండి. జీపీఎల్ అనే లైసెన్సు అయితే, దాంతో చేసింది మీరు ఇంకొకరికి ఇచ్చినప్పుడు మీ సోర్సు కూడా ఇవ్వాల్సిందే.

నిజంగా కొత్తది కనిపెట్టామనిపిస్తే

నూటికి తొంభై సార్లు ఇది భ్రమే, మా లాంచర్‌లాగా. మిగతా సందర్భాల్లో మాత్రం తొందర వద్దు. మన పేటెంట్ చట్టంలో, 1970 నాటిది, దరఖాస్తుకి ముందే బయట చూపించేస్తే కొత్తదనం పోయినట్టే. ప్రదర్శనలో చూపించినా పన్నెండు నెలల దాకా పర్వాలేదనే వెసులుబాటు ఒకటుంది కానీ, అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకే. మీ కాలేజీ ఫెస్టు దాంట్లోకి రాదు. కాబట్టి ముందు దరఖాస్తు, తర్వాత అరీనా.

పూర్తి వివరాలు సిద్ధంగా లేకపోతే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు పెట్టి, పన్నెండు నెలల్లో పూర్తిది ఇవ్వొచ్చు. వ్యక్తులు ఆన్‌లైన్‌లో పెడితే దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. విద్యాసంస్థలకి 2021 నుంచి ఎనభై శాతం రాయితీ ఉంది. తమిళనాడుకే కాదు, ఆంధ్రాకీ, తెలంగాణకీ కూడా చెన్నై పేటెంట్ ఆఫీసే. గిండీలో, జీఎస్‌టీ రోడ్డు మీద. రోజూ దాని ముందు నుంచే బస్సులో వెళ్తూ మాలో ఒక్కడూ ఆ బోర్డు చదవలేదు. ఉత్త కోడుకి, అల్గారిథమ్‌కి పేటెంట్ రాదు, దానికోసం తిరగకండి. కాలేజీ ల్యాబ్‌లో చేసింది ఎవరి పేరు మీద పెట్టాలో మీ కాలేజీ నియమాల్లో ముందే చూసుకోండి. ఇంట్లో వాదించుకున్నట్టు తర్వాత వాదించుకోలేం.

పోటీ అయిన వారంలో

కాగితం మీద వేసిన తేదీలు అప్పటికి దాటిపోయి ఉంటాయి. ఆ ఐదారు వరసలూ తెరిచేయండి. డ్రాయింగులు, కోడు, కొన్న వస్తువుల జాబితా, వాటి ధరలు ఒక ఫోల్డర్‌లో. గెలిచిన వీడియో ఒకటి చాలు. పాడైన భాగాల ఫొటోలు ఎక్కువ పెట్టండి, ఎందుకు పాడైందో ఒక్కో వాక్యంతో. మా జూనియర్లు తెరిచి చూసేది అవే. ఇంటికెళ్లిపోతే ఇంక ఎవరూ చేయరు కాబట్టి తిరుగు రైల్లోనే మొదలుపెట్టండి. ఢిల్లీ నుంచి చెన్నైకి రోజున్నర ప్రయాణం, పేకాట ఎంతసేపని ఆడతారు.

లింకు పెట్టాక మాత్రం దాన్ని ఇంకొకరి ఫోన్‌లో, ఇంకొకరి ఖాతాతో తెరిచి చూడండి. మేం 2023లో ఫోల్డర్ పెట్టి, ఎంతో ఉదారంగా నాలుగు గ్రూపుల్లో లింకు పంచాం. మూడు నెలలు ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఎవరికీ మన పని నచ్చలేదు కాబోలు అనుకున్నాం. అక్టోబరులో ఎడమ పిట్ కుర్రాడి నుంచి మెసేజ్ వచ్చింది: "బ్రో, జులై నుంచి రిక్వెస్టు పెడుతున్నా. కాస్త యాక్సెస్ ఇస్తారా?"